మసారిక్ మహాశయుడు

ఐరోపాఖండపు పటమును తెరచి నట్టనడుమ చూచినచో నేడు చెక్ గణతంత్రము, స్లొవేకియా అను రెండు చిన్న దేశములు కనబడును. 1914వ సంవత్సరపు పటములో ఆ రెండును లేవు. ఆ చోట ఆస్ట్రియా-హంగరీ అను గొప్ప సామ్రాజ్యము వ్యాపించి యుండెను. ఈ రెండు పటముల నడుమ సంభవించినది 1914 మొదలు 1918 వరకు జరిగిన మొదటి ప్రపంచయుద్ధము. ఆ యుద్ధమునుగూర్చి వ్రాసినవారు సేనానులను, ఫిరంగులను, కందకములను విశేషముగా వర్ణింతురు. మేము ఈ సంచికయందు మన విద్యార్థులకును, వారి తలిదండ్రులకును చెప్పదలచినది ఒక ఉపాధ్యాయుని చరిత్రము. ఆయన అరువదినాలుగేండ్ల ప్రాయమున ఇల్లు విడిచి, నాలుగేండ్లు దేశదేశములు తిరిగి, తన ప్రజల కొక రాజ్యమును సంపాదించి మరల ఇల్లు చేరెను. ఇంటిలో ఒక పలుకు, బడిలో మరియొక పలుకుగా పెరిగినవాడగుటచే ఆయన జీవితము మన బాలబాలికలకు తేలికగా బోధపడగలదని మేము తలచుచున్నాము.

టోమాష్ మసారిక్ 1850 మార్చి 7వ తేదీని మొరావియా ప్రాంతమందలి హొదోనిన్ పట్టణమున జన్మించెను. తండ్రి స్లొవాకు జాతివాడు. చక్రవర్తి ఎస్టేటులో గుఱ్ఱపుబండి తోలువాడు. ఆయన పుట్టుకచేత భూదాసుడు. ఆ దాస్యము ఆస్ట్రియాలో 1848లో గాని రద్దు కాలేదు. తల్లి మొరావియా స్త్రీ. వంటపని చేసి బ్రదికినది. జర్మనుల నడుమ పెరిగినందున ఆమెకు చెక్ భాషకంటె జర్మను భాషయే చక్కగా వచ్చును. తండ్రి పలుకు స్లొవాకు. వీధి పిల్లల పలుకు మొరావియా యాస. పై తరగతుల చదువులోను, కచేరీలలోను చెల్లునది జర్మను. ఈ మూడు పలుకుల నడుమ ఆ పిల్లవాడు పెరిగెను. తండ్రిని ఏ ఎస్టేటునకు మార్చిన ఆ యూరికి కుటుంబమంతయు తరలిపోవుచుండెను.

చదువు కొంత సాగిన పిమ్మట తలిదండ్రులు టోమాషును వియన్నా నగరములో తాళములు చేయువాని యొద్ద పనిలో పెట్టిరి. పొద్దస్తమానము యంత్రము ముందు ఒకే తీరు పని. ఇంటినుండి తెచ్చుకొన్న నాలుగు పుస్తకములే అతనికి ఊరట. తోడి పనివాడొకడు ఆ పుస్తకములను దొంగిలించెను. అవి పోయిన తరువాత అతడచ్చట నిలువజాలక ఇంటికి పారిపోయి వచ్చెను. అంతట తండ్రి అతనిని చేయ్‌చ్ గ్రామమున కమ్మరి కొలిమిలో ప్రవేశపెట్టెను. పూర్వము చదువు చెప్పిన ఉపాధ్యాయుడొకరు ఒకనాడు ఆ దారిని పోవుచు మసి పూసుకొనియున్న తన శిష్యుని గుర్తుపట్టి జాలిపడెను. కొలిమి విడిచి టోమాషు మరల పుస్తకము పట్టుట అప్పటినుండియే. మేమును పంతుళ్ళమగుటచే ఈ ఘట్టమువద్ద కొంచెము ఎక్కువసేపు నిలిచితిమేమో. చదువరులు మన్నింతురు గాక.

బ్ర్నో నగరములోను, తరువాత వియన్నాలోను ధనికుల పిల్లలకు పాఠములు చెప్పి, ఆ డబ్బుతో తాను చదువుకొని, 1876లో ఆయన వియన్నా విశ్వవిద్యాలయమునుండి డాక్టరు పట్టమును పొందెను. మరుసటి యేడు లైప్‌జిగ్ నగరమున షార్లట్ గారిగ్ అను అమెరికా యువతితో పరిచయమయ్యెను. 1878లో న్యూయార్కు చెంత బ్రూక్లినులో వారి వివాహము జరిగెను. భర్త యింటిపేరు భార్యకు వచ్చుట లోకమున నున్న ఆచారమే. మసారిక్ భార్య యింటిపేరును కూడ తన పేరు నడుమ చేర్చుకొని, జీవితాంతము టోమాష్ గారిగ్ మసారిక్ అనియే వ్రాసికొనెను.

1882లో ప్రాగ్ నగరమందలి ప్రాచీన విశ్వవిద్యాలయమును జర్మను భాషకొకటి, చెక్ భాషకొకటిగా రెండు చేసిరి. చెక్ విశ్వవిద్యాలయమునకు మసారిక్ తత్త్వశాస్త్రాచార్యుడుగా వచ్చెను. వచ్చిన నాలుగేండ్లకే పెద్ద కలహము పుట్టెను. చెకుల ప్రాచీన కావ్యములని చెప్పబడు రెండు వ్రాతప్రతులు 1817 ప్రాంతమున బయటపడి యుండెను. జర్మనులకంటె తమ సాహిత్యమే ప్రాచీనమని చెకులందరు వానిని చూపి గర్వించుచుండిరి. అవి ప్రాచీనములు కావనియు, ఇటీవలి కాలమున ఎవరో కల్పించినవనియు గేబౌర్ అను భాషాశాస్త్రజ్ఞుడు నిరూపించెను. ఆయన వ్యాసమును 1886లో మసారిక్ తన పత్రికలో ప్రకటించెను. దేశద్రోహి యని పత్రికలన్నియు మసారిక్‌ను తిట్టినవి. కల్లకావ్యముమీద నిలిపిన గౌరవము నిలువదనుట ఆయన మతము. నేడు పండితులందరు ఆ ప్రతులు కూటసృష్టియనియే అంగీకరించుచున్నారు. మన భాషాభిమానులు కూడ ఈ కథను చదువవలసియున్నది.

1899లో ఇంతకంటె కష్టమైన పరీక్ష వచ్చెను. పోల్నా పట్టణమున ఒక క్రైస్తవ బాలిక హత్యకు గురికాగా, యూదులు తమ మతక్రియ కొరకు ఆమెను చంపిరని ఒక మూఢవిశ్వాసము వ్యాపించెను. హిల్స్‌నర్ అను బీద యూదునికి న్యాయస్థానము మరణశిక్ష విధించెను. ఆ విచారణలోని దోషములను చూపి, మతక్రియ యనుమాట వట్టి మూఢవిశ్వాసమని మసారిక్ ఒక చిన్న పుస్తకము ప్రకటించెను. విద్యార్థులే తరగతిలో కేకలు వేసి ఆయన ఉపన్యాసములను ఆపిరి. కొంతకాలము పాఠములే నిలిచిపోయెను. హిల్స్‌నరునకు మరణశిక్ష తప్పి యావజ్జీవశిక్ష అయ్యెను. 1918లో క్షమాభిక్షవలన చెర విడెను. తనవారి యిష్టమునకు విరుద్ధముగ నిలువగలవాడని లోకమునకు తెలిసిన ఈ మనుష్యునియందే, యుద్ధకాలమున తనవారు విశ్వాసముంచిరి.

1914 జూన్ 28వ తేదీని సారయేవో నగరమున ఆస్ట్రియా యువరాజు హత్య జరిగెను. నెల తిరుగగనే ఆస్ట్రియా సెర్బియామీద యుద్ధము ప్రకటించెను. చెకులు, స్లొవాకులు, సెర్బులు, రష్యనులు అందరును స్లావు భాషలు మాటలాడువారే. చక్రవర్తి ఆజ్ఞచేత చెక్ రైతుబిడ్డలు తమ భాషకు చుట్టములైన భాషలవారిమీద తుపాకి కాల్చవలసి వచ్చెను. అంతవరకు మసారిక్ సామ్రాజ్యమును చీల్చగోరినవాడు కాడు. దానిలోని జాతులన్నింటికి సమానగౌరవము కావలెనని వియన్నా పార్లమెంటులో సభ్యుడుగ వాదించుచుండెను. యుద్ధము రాగానే ఆ యాశ విడిచెను. 1914 డిసెంబరులో చిన్న కుమార్తె ఓల్గాను వెంటబెట్టుకొని ఇటలీకి వెళ్ళెను. తిరిగి వచ్చినచో చెరసాల తప్పదని తెలిసి అక్కడనే ఆగిపోయెను.

ఇంటివద్ద నున్నవారి సంగతి యేమి? యుద్ధచరిత్రములలో ఈ ప్రశ్న తఱచుగా మరుగున పడును. పెద్ద కుమారుడు హెర్బర్టు చిత్రకారుడు. తూర్పున యుద్ధభూమినుండి పారిపోయి వచ్చిన కాందిశీకులకు సాయము చేయబోయి టైఫసు జ్వరము తగిలి 1915 మార్చిలో మరణించెను. తండ్రి కడచూపునకైనను రాలేకపోయెను. పెద్ద కుమార్తె ఆలిస్‌ను 1915 చివర పట్టుకొని వియన్నా చెరసాలలో సుమారు ఎనిమిది నెలలుంచిరి. ఆమె పూర్వము చికాగో నగరమున బీదల సేవ చేసినది. అచ్చటి స్త్రీలు వేలకొలదిగ విజ్ఞప్తులు పంపగా 1916లో విడిచిపెట్టిరి. చిన్న కుమారుడు యాన్ చేత, తండ్రి ఎవరిని కూలద్రోయుటకు పాటుపడుచుండెనో ఆ చక్రవర్తి సేనలోనే కొలువు చేయించిరి. ఇన్ని దెబ్బలతో షార్లట్ తల్లి మనస్సును, గుండెయు చెడిపోయెను. మసారిక్ త్యాగమునుగూర్చి అందరు వ్రాయుదురు. ఈ ఇల్లాలు కట్టిన వెల అంతకు తక్కువ కాదని మా అభిప్రాయము.

ఇది ఒక్క యింటి కథ. దేశమంతట ప్రతి యింటిలోను ఏదో యొక రూపమున ఇదే జరుగుచుండెను. 1915 ఏప్రిలునుండి ఆస్ట్రియాలో రొట్టెకును పిండికిని చీట్లు పెట్టిరి. మనము చౌకధరల దుకాణమునకు కార్డు పట్టుకొని పోయినట్లు వారు చీటి పట్టుకొని పోయిరి. కాని చీటి యున్నను సరకుండునని నమ్మకము లేదు. తెల్లవారకముందే స్త్రీలు, పిల్లలు మంచులో వరుసదీరి నిలుచుండిరి. గోధుమపిండిలో మొక్కజొన్నయు, బార్లీయు, బంగాళాదుంపయు కలిపి రొట్టెలు కాల్చిరి. సర్కారువారు పల్లెలపైబడి రైతుల గాదెలు సోదాచేసి ధాన్యము తరలించుకొని పోయిరి. పట్టణపువారు గడియారములు, గుడ్డలు మూటగట్టుకొని పల్లెలకు పోయి బంగాళాదుంపలకు మార్చుకొనిరి. గుడులలోని గంటలను దింపి, కరగించి, ఫిరంగులు పోసిరి. తరతరములుగ పెండ్లికిని చావునకును మ్రోగిన గంట ఊరు విడిచి పోవునపుడు ప్రజల మనస్సు ఎట్లుండునో ఊహించుకొనవచ్చును. బడిపిల్లలచేత పాత లోహములు, ఉన్నిముక్కలు, రబ్బరు ఏరించిరి. టీకి బదులుగ కాచుకొనుటకు ఆకులు కోయించిరి.

పురుషులు రణభూమికి పోగా స్త్రీలు ఫ్యాక్టరీలకు పోయిరి. పిల్జెన్ నగరమందలి ష్కోడా కర్మాగారము సామ్రాజ్యమునకంతటికి పెద్ద ఫిరంగులను చేయుచుండెను. ఆ చెంతనున్న బోలెవెత్స్ మందుగుండు కర్మాగారమున 1917 మే 25వ తేదీని ప్రేలుడు సంభవించి ఇన్నూరుమందికి పైగా చనిపోయిరి. వారిలో పలువురు పనికి పోయిన స్త్రీలే. దానికి ఒక నెల ముందు ప్రోస్తెయోవ్ పట్టణమున ఆకలికి తాళలేక వీధికెక్కిన జనముపై సైనికులు తుపాకులు కాల్చగా ఇరువదిమందికి పైగా నేలకొరిగిరి. యుద్ధారంభమున చక్రవర్తిపై వారికి గల పాతభక్తి, ఇట్లు అన్నము లేని యిండ్లలో కొంచెము కొంచెముగ కరిగిపోయెను. విదేశములలో మసారిక్ చేసిన పని ఫలించుటకు స్వదేశమున ఈ నేల సిద్ధమగుచుండెను.

ఆయన చేసిన పని యేమి? తొలుత, తన జాతి యొకటి కలదని పెద్ద దేశములకు తెలుపుట. 1915 జూలై 6వ తేదీని జెనీవా నగరమున, యాన్ హుస్ అను మతసంస్కర్తను కాల్చిచంపి ఐదువందల యేండ్లు నిండిన దినమున, ఆయన ఆస్ట్రియాకు విరుద్ధముగ బహిరంగముగా నిలిచెను. పిమ్మట లండను చేరి కింగ్స్ కళాశాలలో స్లావు జాతులనుగూర్చి పాఠములు చెప్పెను. ఎద్వర్ద్ బెనెష్ అను శిష్యుడు పారిసునుండి పనిచేసెను. ష్టెఫానిక్ అను స్లొవాకు ఖగోళశాస్త్రజ్ఞుడు ఫ్రెంచి సేనలో విమానము నడపుచు పెద్దల తలుపులు తెరపించెను. స్వదేశమునందలి రహస్యసంఘము వార్తలను గుండీలలో దాచి దూతలచేత పంపుచుండెను.

పత్రికలతోను, పాఠములతోను రాజ్యము రాదని మసారిక్‌నకు తెలియును. ఆయన 1917 మే నెలలో రష్యాకు పోయెను. రష్యనులకు చిక్కిన చెక్, స్లొవాక్ ఖైదీలు అచ్చటి శిబిరములలో లక్షలకొలదిగ నుండిరి. వారినుండి ఒక సేనను కూర్చెను. ఆ సంవత్సరము నవంబరులో బోల్షివిక్కుల విప్లవము వచ్చెను. రష్యా యుద్ధమునుండి తొలగుటకు సిద్ధపడెను. సుమారు నలుబదివేల సేన మరియొకరి దేశమున చిక్కుకొనెను. ఫ్రాన్సునకు పడమటి దారి మూసికొనిపోయినది గనుక, తూర్పుగా సైబీరియా రైలుమార్గమున వ్లదివోస్తోక్ వరకు పోయి, ఓడనెక్కి భూమిని చుట్టి ఫ్రాన్సు చేరవలెనని ఆయన నిశ్చయించెను. విద్యార్థులు భూగోళమును దగ్గర పెట్టుకొని ఈ దారిని వ్రేలితో చూచుకొనవలెను. దారిలో బోల్షివిక్కులతో కలహము పుట్టి, 1918 మే మొదలు ఆ సేన రైలుమార్గమునే వశపరచుకొనెను. సైనికులలో కడపటివారు 1920లో గాని ఆ రేవు విడువలేదు. స్వదేశము స్వతంత్రమైన తరువాత కూడ రెండు చలికాలములు వారు సైబీరియాలో గడపిరి.

మసారిక్ మాత్రము ముందుగనే, 1918 మార్చి 7వ తేదీని, తన అరువదియెనిమిదవ జన్మదినమున మాస్కో విడిచి ఆ రైలుమార్గముననే బయలుదేరెను. జపాను మీదుగ పసిఫిక్ సముద్రము దాటి మే నెలలో చికాగో చేరెను. పొట్టకూటికై పూర్వము వలసపోయిన చెకులు, స్లొవాకులు ఆ నగరమున విశేషముగ నుండిరి. స్వాగతమీయ వచ్చినవారితో వీధులు నిండిపోయెను. ఆ నెల చివర పిట్స్‌బర్గు నగరమున చెకులును స్లొవాకులును ఒక రాజ్యమై కలిసియుందుమని ఒడంబడిక వ్రాసికొనిరి. స్లొవాకులకు సొంత పరిపాలన, సొంత న్యాయస్థానములు, శాసనసభ ఉండునని అందు చెప్పబడెను. అమెరికా అధ్యక్షుడు విల్సన్ కూడ ఆచార్యుడే. ఇద్దరు పంతుళ్ళు కూర్చుండి ఒక సామ్రాజ్యపు గతిని చర్చించిరి. అక్టోబరు 18న వాషింగ్టనునుండి స్వాతంత్ర్యప్రకటన వెలువడెను. అక్టోబరు 28న ప్రాగ్ నగరమున ప్రజలు వీధులలోనికి వచ్చి కచేరీలమీది ఆస్ట్రియా గద్దచిహ్నములను పెరికివేసిరి. నవంబరు 14న మసారిక్‌ను అధ్యక్షునిగ ఎన్నుకొనిరి. ఆయన అప్పటికింకను అమెరికాలోనే యుండెను. డిసెంబరు 21న ప్రాగ్ చేరినపుడు నగరమంతయు ఎదురేగినది. భార్య మాత్రము ఆరోగ్యశాలలో నుండెను. ఆమె 1923లో మరణించెను.

క్రొత్త రాజ్యమున ఎనిమిదిగంటల పనిదినము వచ్చెను. స్త్రీలకు ఓటు వచ్చెను. జమీందారుల భూములను పంచుటకు చట్టము వచ్చెను. ఆలిస్ ఆ దేశపు రెడ్‌క్రాసు సంఘమును స్థాపించి, యుద్ధముచేత కృశించిన పిల్లలకు అన్నము పెట్టు పనిలో దిగెను. వీనినన్నింటిని విడిచి, మాకు ముఖ్యమని తోచిన యొక విషయమును విస్తరింతుము.

1921 జనగణన ప్రకారము ఆ దేశపు జనులు ఒక కోటి ముప్పదియారు లక్షలు. వారిలో జర్మను మాటలాడువారు ముప్పదియొక లక్షలకు పైబడియుండిరి. హంగరీ భాషవారు ఏడు లక్షలకు పైన. నిన్నటివరకు ఏలినవారి భాష నేడు అల్పసంఖ్యాకుల భాష యయ్యెను. 1919 మార్చి 4వ తేదీని తమ్ము ఆస్ట్రియాలో చేర్చవలెనని గుమిగూడిన జర్మనులపై సైనికులు కాల్పులు జరుపగా యాభైమందికి పైగా చనిపోయిరి. మసారిక్ కూడ తిరిగివచ్చిన మరునాటి ఉపన్యాసమున జర్మనులను పూర్వము వలసవచ్చినవారుగ పేర్కొనెను. తరతరములుగ ఆ నేలను దున్నినవారికి ఆ మాట ములుకువలె తగిలెను. మూడు పలుకుల నడుమ పెరిగిన ఆ మహాశయుని నోట ఆ మాట రాకుండవలసినదని మేము నిస్సంకోచముగ చెప్పుదుము.

అయినను ఆ రాజ్యము చేసిన మేలును చెప్పకుండుట న్యాయము కాదు. 1920 ఫిబ్రవరి 29న ఒక భాషాచట్టము చేసిరి. ఏ న్యాయస్థానపు పరిధిలో ఒక భాషవారు నూటికి ఇరువదిమంది యుందురో అచ్చటి కచేరీలలో వారి భాషలో అర్జీ పెట్టుకొనవచ్చును, వారి భాషలోనే జవాబు పొందవచ్చును. జర్మను పిల్లలకు జర్మను బడులు నిలిచినవి. ప్రాగ్ నగరమున జర్మను విశ్వవిద్యాలయము కూడ నిలిచినది. హంగరీ పాలనలో 1874, 1875 సంవత్సరములలో స్లొవాకుల మూడు ఉన్నతపాఠశాలలను మూసివేసి యుండిరి. ఆ స్లొవాకులకు ఇప్పుడు సొంత బడులు, 1919లో బ్రతిస్లావా నగరమున విశ్వవిద్యాలయము వచ్చినవి. కాని పిట్స్‌బర్గులో వ్రాసికొన్న సొంత శాసనసభ రాలేదు; స్లొవాకుల ఆ మనస్తాపము చాలకాలము తీరలేదు.

మన గంజాం జిల్లావారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. 1936 ఏప్రిల్ 1వ తేదీని భాషనుబట్టి ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినపుడు బరంపురము మద్రాసు రాజధానినుండి విడిపడి అందులో చేరెను. తెలుగు కుటుంబములు ఉన్నచోటనే యుండెను, గీత కదలెను. ఆంధ్రదేశమున శిక్షణ పొంది ఇచ్చటికి వచ్చిన మేము, ఒక్కొక్క తరగతిలో పిల్లల సంఖ్యను లెక్కించునపుడెల్ల ఆ ఇరువదిమంది లెక్కను జ్ఞప్తికి తెచ్చుకొందుము. అల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమిక విద్య మాతృభాషలో నేర్పు సౌకర్యములు కల్పింపవలెనను నిబంధన మన రాజ్యాంగమున 1956లో చేరినది. నిబంధన యున్నను, పిల్లలను పంపు తలిదండ్రులు, పాఠము చెప్పు పంతుళ్ళు ఉన్నప్పుడే బడి యుండును.

మసారిక్ 1920, 1927, 1934 సంవత్సరములలో మరల మరల అధ్యక్షుడయ్యెను. ఎనుబదియేండ్లు దాటియు గుఱ్ఱపుస్వారి మానలేదు. 1926లో జర్మను పక్షములు కొన్ని ఆయన ప్రభుత్వమున మంత్రిపదవులు స్వీకరించినవి. ఇరుజాతులును కలిసి బ్రదుకగలవను ఆశ కొన్నియేండ్లు కనబడెను. తరువాత లోకమంతట ఆర్థికమాంద్యము వచ్చి జర్మనుల కర్మాగారములు మూతపడెను. పొరుగున జర్మనీలో హిట్లరు గద్దెనెక్కెను. మసారిక్ 1935 డిసెంబరులో పదవి విడిచి, 1937 సెప్టెంబరు 14వ తేదీని లానీ గ్రామమున మరణించెను. ఆయన చూడనిది చాల కలదు. 1938లో మ్యూనిక్ ఒప్పందముచేత జర్మనుల ప్రాంతములను హిట్లరునకు ఇచ్చివేసిరి. 1939 మార్చిలో ప్రాగ్ నగరమే అతనికి చిక్కెను. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన తరువాత ఆ దేశపు జర్మనులలో ఇంచుమించు ముప్పదిలక్షలమందిని మూటాముల్లెలతో వెడలగొట్టిరి. వారి బడులు మూతపడెను. 1992 డిసెంబరు ముగియుటతో చెకులును స్లొవాకులును నెత్తురు చిందకుండ రెండు రాజ్యములుగ విడిపోయిరి.

లానీ గ్రామపు శ్మశానవాటికలో భార్య ప్రక్కనే మసారిక్ సమాధి కలదు. విదేశాంగమంత్రిగ నుండి 1948 మార్చిలో తన నివాసపు కిటికీ క్రింద చనిపోయి కనబడిన కుమారుడు యాన్‌ను కూడ అచ్చటనే ఖననము చేసిరి. ఆ పిమ్మట దేశము విడిచిన ఆలిస్ 1966లో చికాగోలో మరణించినది. చాల ఏండ్లకు ఆమె అస్థికలను తెచ్చి తలిదండ్రుల చెంతకే చేర్చిరి.